కెమెరా ఫర్మ్‌వేర్ మార్చేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఐపీ కెమెరాల (నెట్‌వర్క్‌కు తగిలించే సీసీ కెమెరాల) ఫర్మ్‌వేర్ గురించే. కెమెరాను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేరే ఫర్మ్‌వేర్. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మా మందుల షాపులో 2016లో 8 ఐపీ కెమెరాలు పెట్టించాం. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలో వీ5.4.0 బిల్డ్ 160530 అని కనిపిస్తోంది. బొమ్మ బాగానే వస్తోంది. "నడుస్తున్నదాన్ని కదిలించకండి" అంటున్నాడు బిగించినాయన. ఫర్మ్‌వేర్ మార్చాలా, అక్కర్లేదా?
– ఒక పాఠకుడు, తెనాలి

మార్చాలి, ఆలస్యం చేయకండి. బిల్డ్ పక్కనున్న ఆరంకెలు తేదీ: ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. 160530 అంటే 2016 మే 30న తయారైన ఫర్మ్‌వేర్. ఇది హిక్‌విజన్ రాసే పద్ధతి. ఆ కంపెనీ డీఎస్-2సీడీ2ఎక్స్ఎక్స్2ఎఫ్-ఐ శ్రేణి కెమెరాల్లో వీ5.2.0 బిల్డ్ 140721 మొదలు సరిగ్గా మీ దగ్గరున్న బిల్డ్ 160530 దాకా ఒక పెద్ద లోపం ఉన్నట్టు 2017లో బయటపడింది. బయటపడ్డ లోపాలకు ప్రపంచమంతా వాడే గుర్తింపు పద్ధతిలో దాని నంబరు సీవీఈ-2017-7921. కెమెరా చిరునామా తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే యూజర్ల జాబితా, ఫొటో, సెట్టింగుల ఫైలు బయటికి లాగొచ్చు. పాస్‌వర్డ్ అడిగే దశనే దాటేసే లోపం కాబట్టి మీరెంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా అది అడ్డు రాదు. ఈ శ్రేణికి వీ5.4.5 బిల్డ్ 170123 నుంచి దీన్ని సరిచేశారు.

కథ అక్కడితో ఆగలేదు. 2021 సెప్టెంబరులో సీవీఈ-2021-36260 అనే ఇంకో లోపం బయటపడింది. తీవ్రత 10కి 9.8. ఇది బొమ్మ చూడటంతో ఆగదు, కెమెరాలోని లైనక్స్‌నే పరాయివాడి చేతిలో పెడుతుంది. ఈ లోపమున్న మోడళ్లలో 210625 కంటే ముందు తేదీ బిల్డ్ ఏదున్నా మార్చాల్సిందే.

"నడుస్తున్నదాన్ని కదిలించకు" అన్న సలహా మిక్సీకి పనికొస్తుంది. నెట్‌కు తగిలించిన కెమెరాకు పనికిరాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. అందుకు అది వాడింది కంపెనీ ఇచ్చిన పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై చిల్లర మాత్రమే. అక్టోబర్ 21న వాటితోనే డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (వెబ్‌సైట్ పేరును బట్టి దాని చిరునామా చెప్పే కంపెనీ) మీద దాడి చేస్తే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. ఆ కెమెరాల యజమానులకు మాత్రం తమ తెర మీద బొమ్మ మామూలుగానే కనిపించింది.

మీ మోడల్‌కు కొత్త ఫైలు లేకపోతే కెమెరాను బయటి ప్రపంచం నుంచి కట్ చేయండి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరా దాకా తెరిచిన దారి) తీసేయండి, అలాంటి దారిని అడగకుండానే తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి. కెమెరా నెట్‌వర్క్ సెట్టింగ్‌లో డీఫాల్ట్ గేట్‌వే (ఇంటర్నెట్ వైపు దారి చూపే రూటర్ చిరునామా) గడిని ఖాళీగా వదిలేయండి. ఖాళీ ఒప్పుకోకపోతే ఎవరూ వాడని చిరునామా ఒకటి ఇవ్వండి. కెమెరా ఎన్‌వీఆర్‌తో (రికార్డింగ్ దాచే పెట్టెతో) మాట్లాడుతుంది గానీ ఇంటర్నెట్‌కు దారి దొరకదు. ఇలా చేశాక దానికి టైమ్ ఎన్‌వీఆర్ నుంచే అందేలా చూడండి.

ఒకే కంపెనీ సైట్‌లో ఒకేలా కనిపించే నాలుగు ఫైళ్లున్నాయి. మన కెమెరాకు సరిపోయేది ఏదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

డబ్బా మీది పేరును నమ్మకండి. కెమెరా ఒంటి మీది స్టిక్కర్‌లో పూర్తి మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చదవండి. బయటి షెల్ ఒకటే అయినా లోపలి ప్రాసెసర్ మారితే ఫర్మ్‌వేర్ కుటుంబం మారుతుంది. హిక్‌విజన్ ఫైళ్ల పేర్లలో కనిపించే ఆర్0, ఆర్6, జీ0, జీ1 వంటివి ఆ కుటుంబం గుర్తులే. మీ కెమెరాలో ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ ఏ కుటుంబానిదో కొత్తదీ అదే కావాలి. దాహువా అనే మరో కంపెనీ ఫైళ్ల పేర్లలో 'మల్టీలాంగ్' అని ఉంటే బయటి దేశాలది, 'సీహెచ్ఎన్' అని ఉంటే చైనాది.

తర్వాత చూడాల్సింది కెమెరా ఏ దేశం కోసం తయారైందన్నది. హిక్‌విజన్ పాత సీరియల్ నంబర్లలో తేదీ అంకెల తర్వాత నాలుగు అక్షరాలుంటాయి. అవి 'డబ్ల్యూఆర్'తో ముగిస్తే బయటి దేశాల సరుకు, 'సీహెచ్'తో ముగిస్తే చైనా మార్కెట్ సరుకు. చైనా సరుకులో ఎవరో ఫర్మ్‌వేర్ మార్చి ఇంగ్లిష్ మెనూ తెప్పించి తక్కువ ధరకు అమ్మడం మామూలే. అలాంటి కెమెరాకు కంపెనీ అంతర్జాతీయ ఫైలు ఎక్కిస్తే, అది హార్డ్‌వేర్‌లో రాసివున్న భాష కోడ్‌ను చూసి 'లాంగ్వేజ్ మిస్‌మ్యాచ్' అని మొరాయిస్తుంది. మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోవచ్చు కూడా. సీరియల్‌లో 'సీహెచ్' కనిపిస్తే అప్‌డేట్ ఆలోచన మానుకుని, పై జవాబులో చెప్పినట్టు గేట్‌వే తీసేసి వాడుకోండి. ఊరూ పేరూ లేనివాళ్లు సవరించి పంచే ఫైళ్లు ఎక్కించవద్దు. ఇంటి లోపలికి చూసే కన్ను అది, అందులో ఏం నడుస్తోందో తెలియకుండా ఉండకూడదు.

భారత్‌లో అమ్మిన మోడల్‌కు కంపెనీ భారత్ పేజీ నుంచే ఫైలు తీసుకోండి. ఫైలుతో పాటు ఇచ్చే రిలీజ్ నోట్‌లో రెండు వాక్యాలు వెతకండి: ఏ వెర్షన్ నుంచి నేరుగా ఎక్కించొచ్చు, మధ్యలో ఏ వెర్షన్ దగ్గర ఆగి వెళ్లాలి. చాలా పాత కెమెరాను ఒక్క గంతులో కొత్తదానికి తీసుకెళ్తే సెట్టింగుల భాగం రూపం కుదరక ఇరుక్కుపోతుంది. కంపెనీ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) ఇచ్చివుంటే, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దాన్ని సరిచూసుకోండి. సగంలో ఆగిన డౌన్‌లోడ్ అక్కడే దొరికిపోతుంది.

మా ఫంక్షన్ హాల్లో 16 కెమెరాలు ఎన్‌వీఆర్ వెనకున్న పీఓఈ పోర్టులకే (ఒకే కేబుల్‌లో డేటా, కరెంటు రెండూ ఇచ్చేవాటికే) తగిలించి ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి అప్‌డేట్ చేయొచ్చా? ఎంతసేపు పడుతుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఒకేసారి వద్దు. బ్యాచ్ టూల్‌లో 16 టిక్కులు పెట్టి బటన్ నొక్కితే, ఫైలు తప్పైనప్పుడు 16 కెమెరాలూ కలిసి పడుకుంటాయి. అంత ముఖ్యం కాని చోటున్న కెమెరా ఒకటి ఎంచుకోండి, పార్కింగ్ మూల లాంటిది. దాన్ని మార్చి, ఒక రోజు రాత్రీ పగలూ నడవనిచ్చి, రికార్డింగ్ వెనక్కి తిప్పి చూసి, అప్పుడు మిగతావాటి పని పట్టండి. కెమెరాకు అప్‌లోడ్, రీస్టార్ట్, సరిచూడటం కలిపి పది నిమిషాలు వేసుకోండి. పదిహేనింటికి రెండున్నర గంటలు. ముహూర్తాలు లేని రోజు చూసుకోండి.

పని పగలే పెట్టుకోండి. రాత్రి ఐఆర్ లైట్లు వెలిగి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. పొడవాటి కేబుల్ చివర, లేదా నీరసించిన 12 వోల్ట్ అడాప్టర్ మీద, వోల్టేజ్ అంచున నడిచే కెమెరా సరిగ్గా ఫ్లాష్ రాసేటప్పుడే రీస్టార్ట్ అయితే అంతే సంగతులు. ఫ్లాష్ మెమరీలో పాతది చెరిపాకే కొత్తది రాస్తారు. ఆ మధ్య ఒకటి రెండు నిమిషాల పాటు చాలా కెమెరాల్లో నడవగలిగిన ఫర్మ్‌వేర్ అంటూ ఏదీ ఉండదు. కాబట్టి ఎన్‌వీఆర్, స్విచ్, ల్యాప్‌టాప్ మూడూ యూపీఎస్ మీదుండాలి. మామూలు ఇన్వర్టర్ కరెంటు పోగానే మారేటప్పుడు తీసుకునే చిన్న విరామం కూడా చిన్న స్విచ్‌లను రీస్టార్ట్ చేయగలదు.

ముందు ఎన్‌వీఆర్‌ను అప్‌డేట్ చేయండి, తర్వాతే కెమెరాలను. కొత్త ఎన్‌వీఆర్ పాత కెమెరాను అర్థం చేసుకుంటుంది. పాత ఎన్‌వీఆర్ కొత్త కెమెరాను అన్నిసార్లూ అర్థం చేసుకోదు.

పీఓఈ పోర్టుల్లో ఉన్న కెమెరాలు ఎన్‌వీఆర్ లోపలి వేరే నెట్‌వర్క్‌లో ఉంటాయి. హిక్‌విజన్ ఎన్‌వీఆర్‌లలో అది 192.168.254తో మొదలవుతుంది, కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కు నేరుగా కనిపించవు. ఎన్‌వీఆర్ మెనూలోని కెమెరా అప్‌గ్రేడ్ సదుపాయంతో పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించొచ్చు. మాకు నచ్చేది మాత్రం ఇంకో పద్ధతి. ఆ కెమెరా కేబుల్‌ను ఎన్‌వీఆర్ నుంచి తీసి చిన్న పీఓఈ స్విచ్‌కు మార్చి, అదే స్విచ్‌కు ల్యాప్‌టాప్‌ను వైరుతో కలపండి. ల్యాప్‌టాప్‌కు కెమెరా ఉన్న వరుసలోనే వేరే చిరునామా ఇచ్చి కెమెరా పేజీ తెరవండి. ఏదైనా ఇరుక్కుంటే ఎక్కడ ఇరుక్కుందో కళ్లెదుటే తెలుస్తుంది. వైఫై మీద ఎప్పుడూ చేయకండి.

పేజీ తెరిచాక ముందు సెట్టింగులన్నిటినీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి: ఐపీ, వీడియో కోడెక్, బిట్‌రేట్ (సెకనుకు వచ్చే వీడియో డేటా), మోషన్ గీతలు, ప్రైవసీ మాస్క్. కాన్ఫిగరేషన్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసుకున్నా, దాన్ని వేరే వెర్షన్ మీద తిరిగి ఎక్కించడం మంచిది కాదు. అందుకే ఫొటోలు. కెమెరాలో ఎస్డీ కార్డు ఉంటే అందులోని రికార్డింగ్ కాపీ చేసుకోండి.

ఇక ఫైలు. జిప్‌ను జిప్‌గానే ఎక్కించబోయి 'అప్‌గ్రేడ్ ఫెయిల్డ్' చూసేవారు చాలామంది. విప్పి, లోపలి ఫైలును ఇవ్వాలి. హిక్‌విజన్‌లో దాని పేరు డిజిక్యాప్, దాహువాలో బిన్ ఫైలు. ఫైలును పొట్టి పేరున్న ఫోల్డర్‌లో, సీ డ్రైవ్ మొదట్లోనే పెట్టండి. పాత పేజీలు ప్లగిన్ అడుగుతాయి, క్రోమ్‌లో తెరుచుకోవు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌లో ప్రయత్నించండి. అదీ కుదరకపోతే కంపెనీ ఇచ్చే బ్యాచ్ కాన్ఫిగరేషన్ టూల్‌లో ఆ ఒక్క కెమెరాకే టిక్ పెట్టండి.

శాతం 100 చూపించినా కెమెరా పని అయిపోలేదు. లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. పేజీ తిరిగి రాకపోతే 15 నిమిషాల వరకూ ప్లగ్ ముట్టుకోకండి. ఓపిక పట్టలేక కరెంటు తీసేయడం వల్ల పోయిన కెమెరాలే ఎక్కువ.

చివర్లో టైమ్ జోన్ జీఎంటీ+5:30 ఉందా, గంట ముందుకో వెనక్కో పోయిందా, రికార్డింగ్ షెడ్యూల్ నిలిచిందా చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం చేరే సంస్థలు 30 రోజుల రికార్డింగ్ ఉంచాలంటోంది. బిట్‌రేట్ డీఫాల్ట్‌కు పెరిగిపోతే హార్డ్‌డిస్క్ 20 రోజులకే నిండి పాతవి చెరిగిపోవచ్చు. ఆ సంగతి పోలీసులు ఫుటేజీ అడిగిన రోజున గానీ తెలియదు.

అప్‌డేట్ చేశాక కెమెరా పేజీ మామూలుగా తెరుచుకుంటోంది. వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌లో మాత్రం పాస్‌వర్డ్ తప్పని వస్తోంది. పాస్‌వర్డ్ మార్చనేలేదు!
– ఒక పాఠకుడు, గుంటూరు

పాస్‌వర్డ్ తప్పు కాదు, ఆన్‌విఫ్ ఆగిపోయింది. వేర్వేరు కంపెనీల పరికరాలు మాట్లాడుకునే భాష ఆన్‌విఫ్. హిక్‌విజన్‌లో వీ5.5.0 నుంచి అది మొదట ఆఫ్‌లో ఉంటుంది, దానికి వేరే యూజర్ ఖాతా కూడా కావాలి. నెట్‌వర్క్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ఇంటిగ్రేషన్ ప్రొటోకాల్ దగ్గర ఆన్ చేసి, అక్కడే యూజర్‌ను చేర్చండి. ఎన్‌వీఆర్‌లో ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి.

అయినా కుదరకపోతే కెమెరా గడియారం చూడండి. ఆన్‌విఫ్ లాగిన్‌లో సమయం కూడా కలిసి వెళ్తుంది. కెమెరా 1970లో ఉండి ఎన్‌వీఆర్ ఈ ఏడాదిలో ఉంటే సరైన పాస్‌వర్డ్‌నూ తిప్పికొడుతుంది. ఇంకో చిక్కుంది. ఎన్‌వీఆర్ పాత వివరాలతో ఆగకుండా తలుపు తడుతుంటే కెమెరా దాని చిరునామాను అరగంట పాటు లాక్ చేస్తుంది. మీరు సరిచేసిన తర్వాత కూడా పనిచేయనట్టే కనిపించేది ఇందుకే. ఎన్‌వీఆర్‌లో ఆ చానల్ తీసేసి, కెమెరాను రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తగా చేర్చండి.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు కెమెరా పింగ్‌కు (నెట్‌వర్క్ మీద పిలిచి చూస్తే) పలకడం లేదు. పారేయాల్సిందేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

పారేయకండి. ఏ కంపెనీదో మీరు రాయలేదు కాబట్టి ఎక్కువ చోట్ల ఉన్న రెండింటి సంగతీ చెబుతాం. ఫ్లాష్‌లో బూట్‌లోడర్ అనే చిన్న భాగం వేరుగా ఉంటుంది. మామూలు అప్‌డేట్‌లో దాన్ని సాధారణంగా ముట్టుకోరు. అది బతికుంటే కెమెరాను తిరిగి లేపొచ్చు.

హిక్‌విజన్ అయితే ముందు నెట్‌వర్క్‌లోని కెమెరాలను వెతికే ఎస్‌ఏడీపీ టూల్ తెరవండి. జాబితాలో కెమెరా కనిపించి వెర్షన్ 4.0.8 అని ఉంటే, అది ప్రాణం నిలుపుకునే చిన్న సిస్టమ్‌లోకి వెళ్లిందని అర్థం, మంచి సూచనే. కనిపించకపోయినా కింది పని చేయండి.

కంపెనీ ఇచ్చే టీఎఫ్‌టీపీ టూల్‌ను (కెమెరా అడగ్గానే ఫైలు పంపే చిన్న సర్వర్‌ను), డిజిక్యాప్ ఫైలును ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేయండి, ఫైర్‌వాల్ ఆపేయండి. ల్యాన్ కార్డుకు 192.0.0.128, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. ల్యాప్‌టాప్‌నూ కెమెరానూ నేరుగా కలపకండి, మధ్యలో స్విచ్ పెట్టండి. ఇదే చాలామంది ఓడిపోయే చోటు. కెమెరా ఆన్ కాగానే ఒకటి రెండు సెకన్లే సర్వర్ కోసం వెతుకుతుంది. నేరుగా కలిపితే కెమెరాతో పాటు ల్యాప్‌టాప్ పోర్టు కూడా పడి లేస్తుంది, అది మేలుకునేసరికి ఆ రెండు సెకన్లూ అయిపోతాయి. స్విచ్ ఉంటే ల్యాప్‌టాప్ వైపు లింక్ ఎప్పుడూ నిలిచి ఉంటుంది.

టూల్ నడుపుతూ కెమెరాకు కరెంటు ఇవ్వండి. 192.0.0.64 నుంచి పలకరింపు వచ్చిందని, ఫైలు వెళ్లిపోయిందని, సిస్టమ్ అప్‌డేట్ పూర్తయిందని వరుసగా తెర మీద కనిపిస్తుంది. ఆ చివరి వాక్యం వచ్చేదాకా కదలకండి. తర్వాత టూల్ మూసేయండి. లేకపోతే కెమెరా తిరిగి లేచినప్పుడు మళ్లీ అదే ఫైలు తీసుకుంటూ తిరుగుతుంది. ఇప్పుడది 192.168.1.64 మీద, యాక్టివేట్ కాని కొత్త కెమెరాలా కనిపిస్తుంది.

పలకరింపే రాకపోతే ఆన్-ఆఫ్ ఐదారుసార్లు చేసి చూడండి. ఫైలు వెళ్లినా మళ్లీ రీస్టార్ట్ అవుతూనే ఉంటే, ఫైలు ఆ కుటుంబానిది కాదు, లేదా కెమెరా చైనా మార్కెట్‌ది.

దాహువా పద్ధతిలో ల్యాప్‌టాప్ 192.168.1.1 మీద, కెమెరా 192.168.1.108 మీద ఉంటాయి. కెమెరా ఆన్ కాగానే టీఎఫ్‌టీపీ నుంచి ఆదేశాల ఫైలు ఒకటి అడుగుతుంది. ఆ ఆదేశాలు మోడల్‌ను బట్టి మారతాయి. ఇంకో మోడల్‌వి తెచ్చి పెడితే ఈసారి బూట్‌లోడరే చెరిగిపోవచ్చు. మీ ఖచ్చితమైన మోడల్‌కు చెందినవి చేతిలో లేకపోతే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

బూట్‌లోడర్ కూడా పోతే మిగిలింది బోర్డు మీది ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌ను ప్రోగ్రామర్‌తో రాయడం. బజార్లో చవగ్గా దొరికే నల్ల సీహెచ్341ఏ బోర్డుల్లో చాలావాటికి డేటా కాళ్ల మీద 5 వోల్టులు వస్తాయి. ఈ చిప్‌లు 3.3 వోల్టులవి. కొలవకుండా తగిలించకండి.

కొత్త వెర్షన్‌లో మోషన్ అలర్టులు సరిగా రావడం లేదు. పాతదానికి వెనక్కి వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందు కొత్త వెర్షన్ మీదే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మోషన్ గీతలు కొత్తగా గీసి చూడండి. పాత సెట్టింగులు కొత్త ఫర్మ్‌వేర్‌లో సరిగా కుదరకపోవడమే చాలాసార్లు అసలు కారణం.

అయినా బాగుపడకపోతే వెనక్కి వెళ్లడం కంపెనీని బట్టి ఉంటుంది. యాక్సిస్ కంపెనీ కొత్త కెమెరాల్లో రోల్‌బ్యాక్ అనే సదుపాయమే ఉంది, అంతకుముందు వెర్షన్‌కు సెట్టింగులతో సహా తీసుకెళ్తుంది. అంతకన్నా పాతదానికైతే ఫ్యాక్టరీ డీఫాల్ట్ తప్పదు. ఇతర కంపెనీల్లో పాత ఫైలును చాలా కెమెరాలు తిరస్కరిస్తాయి. పాత వెర్షన్‌ను ఎక్కించి తెలిసిన లోపం గుండా లోపలికి రావడం దొంగల పాత ఎత్తు, ఆ దారి మూయడానికే ఈ అడ్డు. టీఎఫ్‌టీపీతో దొడ్డిదారిన దించాలని చూడకండి, మధ్యలో ఇరుక్కుంటే తేలడం కష్టం. కంపెనీ వెనక్కి వెళ్లడానికి ఒప్పుకున్న చోట కూడా, వెళ్లబోయే వెర్షన్ తేదీ పైన చెప్పిన లోపాల కంటే తర్వాతిదై ఉండాలి. వెళ్లాక వెంటనే రీసెట్ చేయాలి.

కొత్తగా కొనేటప్పుడు ఫర్మ్‌వేర్ గురించి ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్ 9న ఇచ్చిన నోటిఫికేషన్ సీసీటీవీ కెమెరాలకు భద్రతా నిబంధనలు పెట్టింది. అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్‌డేట్ ఫైలుకు డిజిటల్ సంతకం, లోపాలున్న పాత వెర్షన్‌కు దిగకుండా అడ్డు అందులో భాగమే. ఆ పరీక్ష దాటిన మోడల్ అవునో కాదో పూర్తి మోడల్ నంబరుతో అడగండి, పాత స్టాక్ అంటగట్టనివ్వకండి. కొనేముందే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి చివరి ఫర్మ్‌వేర్ తేదీ చూడండి. రెండేళ్లుగా కొత్త ఫైలు లేకపోతే ఇంకో మోడల్ చూసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున కంపెనీ అడిగేది అదే.